వేడిని మోసిన నీళ్లు: ఆయిల్ ఇంజన్ నుంచి డెస్క్‌టాప్ దాకా

1967లో తెలుగు నేల మీద రెండు పనులు జరిగాయి. ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ పుట్టింది. ఆగస్టు 4న ఇందిరాగాంధీ నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఈసీఐఎల్ వల్ల దేశానికి సొంతంగా కంప్యూటర్లు కట్టే నేర్పు వచ్చింది. సాగర్ ఎడమ కాలువ వల్ల మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ మెట్టలు మాగాణి అయ్యాయి. ఈ రెండింటికీ సంబంధం ఉందని అప్పట్లో ఎవరికీ తోచి ఉండదు. ఇవాళ కోదాడలో పెళ్లి వీడియోలు చేసే మిక్సింగ్ యూనిట్‌లోనో, సూర్యాపేటలో ఇంజినీరింగ్ చదివే పిల్లవాడి గదిలోనో కంప్యూటర్ క్యాబినెట్ మూత తీసి చూస్తే రెండు నల్లటి గొట్టాలు, ఒక పంపు, ఒక రేడియేటర్ కనిపిస్తాయి. లోపల నీళ్లు తిరుగుతుంటాయి.

కరెంటుతో నడిచే సున్నితమైన యంత్రంలోకి నీళ్లు ఎక్కించడం చూసి పెద్దలు భయపడతారు. పిల్లలేమో అది నిన్నమొన్న పుట్టిన ఫ్యాషన్ అనుకుంటారు. భయమూ అక్కర్లేదు, ఫ్యాషనూ కాదు. యంత్రం వేడిని నీళ్ల మీద ఎక్కించి బయట దింపడం సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలకు మూడు తరాలుగా తెలిసిన పని. కంప్యూటర్ దగ్గరకు వచ్చేసరికి ఆ తెలివిని పక్కనపెట్టి, ఎక్కడో చల్లటి దేశంలో పరీక్షించిన అంకెలు చూసి నీళ్లతో చల్లబరిచే కిట్లు కొంటున్నాం. అందుకే ఒకసారి వెనక్కి తిరిగి మొదటినుంచీ చూడాలి.

యంత్రాలు రాకముందు చల్లబరచాల్సింది మనుషులనూ తాగే నీళ్లనూ మాత్రమే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయనే సామెత ఈ ప్రాంతంలో అతిశయోక్తిలా వినిపించదు. పాత నల్లగొండ జిల్లాలో మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఆ ఎండకు మనవాళ్లు కనిపెట్టిన విరుగుడు వట్టివేర్ల తడిక, మట్టి కూజా. తడిక మీద చల్లిన నీళ్లు ఆవిరవుతూ గాలిలోని వేడిని పట్టుకుపోతాయి. కూజా ఒంటినుంచి ఊరిన తడి ఆవిరవుతూ లోపలి నీటి వేడిని లాగేస్తుంది. గాలి పొడిగా ఉన్న ఏప్రిల్, మే నెలల్లో ఇది బాగా పనిచేస్తుంది. వాన ముసురు పట్టాక పనిచేయదు. ఈ తేడా ముందుముందు మనకు కావాలి, ఎందుకంటే ఇవాళ ఇంటింటా ఉన్న కూలర్ కూడా ఆ తడిక సూత్రం మీదే నడుస్తుంది.

తర్వాత బావుల దగ్గరకు ఆయిల్ ఇంజన్లు వచ్చాయి. మోట కొట్టే ఎద్దులు పక్కకు తప్పుకున్నాయి. ఇంజన్‌లో డీజిల్ మండినప్పుడు పుట్టే వేడిలో మంచి భాగం ఇనుములోకే ఎక్కుతుంది, దాన్ని తీసేయకపోతే పిస్టన్ పట్టేస్తుంది. దీనికి రైతు చేసిన ఏర్పాటు ఎంత సులువైనదో చూడండి. పంపు డెలివరీ పైపుకు చిన్న బెజ్జం పెట్టి, సన్నటి ట్యూబుతో కొంచెం నీటిని ఇంజన్ జాకెట్‌లోకి పంపేవాడు. అవి వెచ్చగా బయటికి వచ్చి పంట కాలువలోనే కలిసిపోయేవి. రేడియేటర్ లేదు, ఫ్యాన్ లేదు. కాలువ నీరే వేడిని పొలంలో దింపేసేది. జాకెట్ నుంచి వచ్చే ధార కింద చేయి పెట్టి ఇంజన్ ఆరోగ్యం చెప్పగలిగిన రైతులు ఉండేవారు.

కరెంటు వచ్చాక, బోర్లు వచ్చాక కథ ఇంకా దగ్గరికి వచ్చింది. బోరులో దింపే సబ్‌మెర్సిబుల్ మోటారు వైండింగు నీళ్లలోనే ఉంటుంది. చుట్టూ పారే నీరే దాన్ని చల్లగా ఉంచుతుంది. బోరులో నీళ్లు అడుగంటితే మోటారు కాలిపోతుంది, దాన్ని బయటికి తీయించి వైండింగు కట్టించడానికి పెట్టిన ఖర్చు ఎంతమంది రైతులను కుంగదీసిందో చెప్పనక్కర్లేదు. విద్యుత్ తీగకూ నీటికీ పడదనే మాట నిజమే అయితే ఈ జిల్లాల్లో సేద్యమే లేదు. సీల్ సరిగా ఉన్నంతకాలం రెండూ కలిసి ఉండగలవు. సీల్ పోతేనే ముప్పు. కంప్యూటర్ కిట్ విషయంలోనూ అంతే.

అసలు పాఠశాల మాత్రం రోడ్డు మీద ఉంది. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే దారి, ఒకప్పుడు 9వ నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 65, సూర్యాపేట, కోదాడల మీదుగా పోతుంది. రైలు మిర్యాలగూడకు ఉంది గానీ సూర్యాపేటకు లేదు. అందుకే ఈ ఊళ్లలో లారీ ఒక బతుకుతెరువు. ధాన్యం, బియ్యం, హుజూర్‌నగర్ వైపు నుంచి సిమెంటు, అన్నీ లారీల మీదే. లారీ ముందు భాగంలో ఉండే రేడియేటర్‌లో సన్నటి గొట్టాలు, వాటి మధ్య మడతలు పెట్టిన పల్చటి రేకులు ఉంటాయి. ఇంజన్‌లో వేడెక్కిన నీళ్లు ఆ గొట్టాల్లో పారతాయి. రేకుల మీదుగా ఫ్యాన్ గాలి లాగుతుంది. కంప్యూటర్‌కు బిగించే కిట్‌లో ఉన్నదీ ఇదే అమరిక, అరచేతి మందంలో.

రేడియేటర్ పనిచేసే మేస్త్రీలు తరతరాలుగా చెప్పే మాటలు మూడు. బోరు నీళ్లు పోయొద్దు, సున్నం కట్టి గొట్టాలు పూడుతాయి. రేకుల మధ్య దుమ్ము, ఊక పేరుకోనివ్వొద్దు, గాలి ఆడదు. వేడి మీద మూత తీయొద్దు. పూడిన రేడియేటర్‌ను విప్పి, ఒక్కో గొట్టంలోంచి సన్నటి కడ్డీ దూర్చి శుభ్రం చేయడం చూసినవాళ్లకు మొదటి మాట ఎందుకు పుట్టిందో తెలుస్తుంది. నల్లగొండ భూగర్భ జలం గురించి దేశమంతటికీ తెలుసు. నీటిలోని ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తీసే పద్ధతికి నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ నల్లగొండ టెక్నిక్ అని పేరు పెట్టిందంటే ఆ నీరు ఎంత కష్టం తెచ్చిందో అర్థమవుతుంది. మనుషుల ఎముకలను వంచిన నీరు అది. యంత్రంలో పోయడానికి పనికిరాకపోవడం దాని ముందు చాలా చిన్న సంగతి.

ఇక ప్రపంచంలో కంప్యూటర్ల సంగతి. 1946లో అమెరికాలో జనం ముందుకు వచ్చిన ఎనియాక్ సుమారు 18 వేల వాక్యూమ్ ట్యూబులతో, 150 కిలోవాట్ల కరెంటుతో నడిచేది. దాని వేడి తోలడానికి పెద్ద బ్లోయర్లు పెట్టారు. 1960ల్లో ఐబీఎం తన సిస్టమ్ 360 మోడల్ 91లో బోర్డుల మధ్య వేడెక్కిన గాలిని నీటి గొట్టాలతో మళ్లీ చల్లార్చే ఏర్పాటు చేసింది. 1980లో ప్రకటించిన ఐబీఎం 3081లో చిప్పుల మాడ్యూళ్ల మీదే నీళ్లు పారే పలకలు బిగించారు. 1985లో సీమోర్ క్రే తన క్రే-2 యంత్రం బోర్డులను ఏకంగా కరెంటు పారని ద్రవంలో ముంచేశాడు. అంటే పెద్ద కంప్యూటర్లలో నీళ్లు అరవై ఏళ్ల పాత మాట. 1990ల్లో ట్రాన్సిస్టర్ల తయారీ పద్ధతి మారి, తక్కువ కరెంటు తాగే సీమాస్ చిప్పులు వచ్చాయి. దాంతో నీటి గొట్టాలు కొన్నాళ్లు మాయమయ్యాయి. వేడి మళ్లీ పెరిగింది, 2008లో ఐబీఎం పవర్ 575తో నీళ్లూ తిరిగొచ్చాయి.

మన దగ్గర? మొగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు నడిపించిన ఈసీఐఎల్ నుంచి 1969లో టీడీసీ-12 కంప్యూటర్ వచ్చింది. ఆ తర్వాత 312, 316 వచ్చాయి. వాటిని చల్లటి గదుల్లో పెట్టేవారు. మనిషికి లేని ఏసీ యంత్రానికి ఉండేది. 1980ల చివర వానల అంచనా కోసం ఢిల్లీకి క్రే ఎక్స్‌ఎంపీ వచ్చింది. దానికోసం అమెరికా పెట్టిన షరతులు చూశాకే సొంత సూపర్ కంప్యూటర్ కట్టాలన్న పట్టుదల బలపడింది. 1988లో పుణెలో సీడాక్, 1991లో పరమ్ 8000 వచ్చాయి. ఇవాళ జాతీయ సూపర్ కంప్యూటింగ్ మిషన్ కింద కట్టిన పరమ్ యంత్రాల్లో చాలావాటికి ప్రాసెసర్ మీదికే ద్రవం పంపి చల్లబరుస్తున్నారు. కందిలో ఐఐటీ హైదరాబాద్ ఆవరణలో ఉన్న పరమ్ సేవా ఆ వరసలోదే.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ బజార్లలోకి కంప్యూటర్ 1990ల్లో డీటీపీ సెంటర్ రూపంలో వచ్చింది. శుభలేఖలు, కరపత్రాలు, కాలేజీ ప్రాజెక్టు రిపోర్టులు. ఆనాటి 486 చిప్పు వేడి చాలా స్వల్పం, కొన్నింటికి ఫ్యాన్ కూడా ఉండేది కాదు. 1993లో వచ్చిన తొలి పెంటియమ్ సుమారు 15 వాట్లు తీసుకునేది, దాని నెత్తిన చిన్న ఫ్యాన్ చేరింది. పదేళ్లు తిరిగేసరికి పెంటియమ్ 4 చిప్పు 115 వాట్లకు చేరింది. ఇంటర్నెట్ సెంటర్లలో వరసగా పెట్టిన డబ్బాల వెనక నిలబడితే పొయ్యి సెగ తగిలేది. ఇప్పుడు ఇంటెల్ కోర్ ఐ9-14900కె పూర్తి వేగంలో 253 వాట్లు, ఏఎండీ రైజెన్ 9 7950ఎక్స్ 230 వాట్లు తీసుకోగలవు. పక్కన ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4090 కార్డు ఉంటే అది ఒక్కటే 450. గోరంత సిలికాన్ ముక్క మీద సీలింగ్ ఫ్యాన్ మోటార్లు మూడింటికి సరిపడే కరెంటు వేడిగా మారుతోంది.

ఇంట్లో వాడే కంప్యూటర్‌కు నీళ్లు ఎక్కించిన తొలి సాహసులు పాశ్చాత్య దేశాల కుర్రవాళ్లు. 1998లో వచ్చిన సెలెరాన్ 300ఏ అనే చవక చిప్పును 450 మెగాహెర్ట్జ్‌కు పరుగెత్తించవచ్చని తెలిశాక ఆ పిచ్చి పెరిగింది. వాళ్లు వాడిన సరుకు ఏమిటంటే, పాత కార్లలోని హీటర్ రేడియేటర్, చేపల తొట్టి పంపు, రాగి దిమ్మెను తొలిచి చేసిన బ్లాకు. ఆటోనగర్‌లో దొరికే సామానే! 2000లో డెన్మార్క్‌లో అసెటెక్ అనే శీతలీకరణ కంపెనీ మొదలైంది. 2004లో ఆపిల్ తన పవర్ మాక్ జీ5లో ద్రవ శీతలీకరణ పెట్టి అమ్మింది. వాటిలో కొన్ని కొన్నేళ్లకు కారి, ఈ విద్యకు చెడ్డపేరు కూడా తెచ్చాయి. అసలు మలుపు 2009లో వచ్చిన కోర్‌సెయిర్ హెచ్50. అసెటెక్ తయారుచేసిన ఆ కిట్‌లో నీళ్లు కర్మాగారంలోనే నింపి సీలు చేశారు. పంపును ప్రాసెసర్ బ్లాకు మీదే పెట్టారు. కొన్నవాడు బిగించుకోవడమే, నీళ్లు పోసే పనిలేదు. బజారులో ఏఐఓ అని అడిగితే ఇచ్చేది దాని వారసులనే. బ్లాకు మీద పంపు పెట్టే పద్ధతిపై అసెటెక్ పేటెంట్ పట్టుకుని కోర్టుకెక్కి, 2014లో కూలర్ మాస్టర్ మీద గెలిచింది. కొన్ని కంపెనీలు పంపును రేడియేటర్‌లోకో గొట్టం మధ్యలోకో ఎందుకు మార్చాయో తెలుసుకోవాలంటే ఆ దావా సంగతి తెలియాలి.

ఈ చిన్న పట్టణాల్లో ఇంత బరువైన కంప్యూటర్ ఎవరికి కావాలి? గేములు ఆడే పిల్లలకని చాలామంది అనుకుంటారు. నా లెక్కలో ముందు వరస పెళ్లి వీడియోల వాళ్లది. వీసీఆర్లు రెండు పెట్టి మిక్సింగ్ చేసిన రోజులు పోయి, కెమెరాలు 4కె చిత్రాలు తీస్తున్నాయి. డ్రోన్ షాట్లు వచ్చాయి. ఒక పెళ్లికి నాలుగైదు కెమెరాల ఫుటేజీ, దాని రంగులు సరిచేయడం, మూడు నిమిషాల టీజర్, మూడు గంటల పూర్తి వీడియో, పైన కరిజ్మా ఆల్బమ్. రాత్రి రెండరింగ్ పెట్టి పడుకుంటే తెల్లారేదాకా ప్రాసెసర్ పూర్తి భారం మీద నడుస్తుంది. గేమ్ ఆడేవాడి ప్రాసెసర్‌కు మధ్యమధ్యలో ఊపిరి దొరుకుతుంది. రెండరింగ్‌కు దొరకదు.

ముహూర్తాలు ఎప్పుడొస్తాయో చూడండి. మూఢాలు తప్పించుకుని మాఘ, ఫాల్గుణాల్లో కొన్ని, వైశాఖ, జ్యేష్ఠాల్లో గుంపుగా. అంటే ఏప్రిల్ చివరినుంచి జూన్ దాకా. సంవత్సరంలో పని అన్నిటికంటే ఎక్కువగా ఉండే రోజులూ, ఎండ అన్నిటికంటే తీవ్రంగా ఉండే రోజులూ ఒకటే. ఐరోపాలోనో అమెరికాలోనో కిట్ పరీక్షించేవారికి ఈ ఇబ్బంది తట్టదు, వాళ్ల గది 21 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంటుంది. మన మిక్సింగ్ యూనిట్ చాలాచోట్ల మేడ మీద స్లాబు కింద ఉంటుంది.

ఇక్కడ కొంచెం లెక్క చేద్దాం. 250 వాట్ల వేడిని గాలి మోయాలంటే, ఆ గాలి 10 డిగ్రీలు వేడెక్కుతుందనుకుంటే, నిమిషానికి సుమారు 1,250 లీటర్ల గాలి కదలాలి. అదే వేడిని నిమిషానికి ఒక్క లీటరు నీళ్లు మోస్తే ఆ నీళ్లు నాలుగు డిగ్రీల కంటే తక్కువే వేడెక్కుతాయి. ఒకే పరిమాణంలో తీసుకుంటే గాలి కంటే నీరు సుమారు 3,500 రెట్లు వేడి పట్టుకుంటుంది. నీటి గొప్పతనం ఇది. కానీ నీరు వేడిని మోస్తుందే తప్ప మాయం చేయదు. చివరికి రేడియేటర్ దగ్గర దాన్ని గదిలోని గాలికే అప్పగించాలి. గది 40 డిగ్రీలుంటే, ఎంత ఖరీదైన కిట్ అయినా నీటిని 40 కంటే కిందికి దించలేదు.

ఒక 240 మిల్లీమీటర్ల రేడియేటర్ మీద 250 వాట్లు పెడితే నీరు చుట్టూ ఉన్న గాలి కంటే ఓ 12, 15 డిగ్రీలు ఎక్కువ వేడిగా నిలుస్తుంది. నీటికీ చిప్పు గుండెకూ మధ్య ఇంకా చాలా తేడా ఉంటుంది. 26 డిగ్రీల ఏసీ గదిలో నీరు 40 దగ్గర ఆగుతుంది. స్లాబు కింద 42 డిగ్రీల గదిలో, క్యాబినెట్ లోపల గాలి ఇంకో రెండు మూడు డిగ్రీలు ఎక్కువ ఉంటే, నీరు 60కి చేరుతుంది, చిప్పు అంతకంటే చాలా పైకి. ఇంటెల్ చిప్పులు 100, రైజెన్ 7000 వరసలో చాలావి 95 డిగ్రీల దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. అంకెలు సుమారువే గానీ వాటి పోకడ ఖాయం. అంతకంటే ముఖ్యం, చాలా కిట్ల పంపులకూ గొట్టాలకూ నీటి వేడి 60 డిగ్రీల లోపే ఉండాలని తయారీదారులు గీత గీశారు. ప్రాసెసర్ తట్టుకున్నా పంపు ఆయుష్షు తగ్గుతుంది.

కాబట్టి కిట్ కొనడానికి వెళ్లేవారికి నేను ముందు చెప్పేది గది గురించే. డబ్బు పరిమితంగా ఉంటే స్లాబు మీద తెల్ల సున్నమో కూల్ రూఫ్ రంగో వేయించండి. పాత ఏసీ అయినా ఒకటి పెట్టుకోండి. కూలర్ ఉన్నవాళ్లు ఏప్రిల్, మేల్లో దాని చల్లదనం ధారాళంగా వాడుకోవచ్చు, కానీ తడి గాలి నేరుగా క్యాబినెట్ మీద పడేలా పెట్టొద్దు. ఆ తేమా, దుమ్మూ కలిసి రేడియేటర్ రేకుల మీద గట్టి పొరలా కడతాయి. జూలైలో కూలర్ వల్ల లాభం తగ్గుతుంది, వట్టివేర్ల తడిక వానాకాలంలో చేతకానట్టే. రెండో పని ఖర్చులేనిది. బయోస్‌లో ప్రాసెసర్ వాట్ల పరిమితి తగ్గించడం. రైజెన్‌లో ఎకో మోడ్ అని ఉంటుంది, ఇంటెల్‌లో దీర్ఘకాలిక పవర్ లిమిట్ అని. 253 వాట్లను 150కి దించితే రెండరింగ్ కొంచెం ఆలస్యమవుతుంది, వేడి మాత్రం చాలా దిగుతుంది. ఎండాకాలం రాత్రి ఆ కొద్ది ఆలస్యం ఎవరికీ నష్టం కాదు.

ఈ రెండూ చేశాక కూడా వేడి తగ్గకపోతే కిట్ సంగతి. ఆఫీసు పని, మీసేవ, డీటీపీ, మామూలు చదువు కోసం కొన్న 65 వాట్ల ప్రాసెసర్‌కు నీళ్ల కిట్ అనవసరం. రెండు నుంచి నాలుగు వేల రూపాయల మంచి టవర్ ఎయిర్ కూలర్ చాలు, పదేళ్లయినా పాడవ్వడానికి దానిలో ఫ్యాన్ తప్ప ఏమీ లేదు. మిక్సింగ్ యూనిట్లకు, త్రీడీ పని చేసేవారికి, పెద్ద గేములు ఆడేవారికి 240 లేదా 360 మి.మీ. ఏఐఓ న్యాయం చేస్తుంది. మన ఎండకు 120 మి.మీ. రకం నేను ఎవరికీ చెప్పను, దాని కంటే అదే ధరలో టవర్ కూలర్ మేలు. అద్దాల వెనక రంగుల దీపాలు, చిన్న తెరల కోసం ఎక్కువ పెట్టే బదులు ఆ డబ్బుతో ఒక మెట్టు పెద్ద రేడియేటర్ తీసుకోవాలి.

కొనే ముందు క్యాబినెట్ కొలవండి. ఇప్పటి రేడియేటర్లు ఎక్కువగా 27 మి.మీ. మందం, ఫ్యాన్లు 25. రెండూ కలిపి 52 పైచిలుకు చోటు పైకప్పు కింద ఉందా, ర్యామ్ కార్డులకు తగులుతుందా చూడాలి. ప్రాసెసర్ సాకెట్‌కు తగిన బ్రాకెట్ పెట్టెలో ఉందో లేదో అడగాలి. ఇంటెల్ 1700, ఏఎండీ ఏఎం4, ఏఎం5 మన దగ్గర ఎక్కువ. వారంటీ ఎన్నేళ్లు, సర్వీస్ సెంటర్ ఎక్కడ అన్నది ధర కంటే ముందు అడగాల్సిన ప్రశ్న. సూర్యాపేట నుంచి సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ బజారు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు 135 కిలోమీటర్ల పైన, కోదాడవాళ్లకు విజయవాడ దగ్గర. పంపు ఆగిపోతే పెళ్లిళ్ల సీజన్‌లో రెండు వారాలు కంప్యూటర్ మూలన పడుతుంది. అందుకే అలాంటి యూనిట్‌లో కంప్యూటర్‌తో వచ్చిన పాత ఫ్యాన్ కూలర్‌ను పారేయకుండా అటక మీద ఉంచమంటాను. అత్యవసరానికి తక్కువ వాట్లలోనైనా అది నడిపిస్తుంది.

బిగించడంలో చెయ్యి తిరిగినవారు కూడా ఒక చోట పొరబడతారు, అది రేడియేటర్ స్థానం. సీలు చేసిన కిట్‌లో కొంచెం గాలి ఎప్పుడూ ఉంటుంది. గొట్టాల రబ్బరులోంచి నీరు ఏళ్ల తరబడి అణువణువుగా ఆవిరైపోయి ఆ గాలి పెరుగుతుంది. గాలి ఎప్పుడూ పైకి చేరుతుంది. అందుకని పంపు అన్నిటికంటే పైన ఉండకూడదు, రేడియేటర్ పై భాగం పంపు కంటే ఎత్తులో ఉండాలి. క్యాబినెట్ కప్పుకు రేడియేటర్ బిగించడం అన్నిటికంటే మంచిది. ముందువైపు బిగిస్తే గొట్టాలు కింది వైపుకు రావాలి. అడుగున రేడియేటర్ పెడితే గాలంతా పంపులో చేరి గరగరమంటుంది, కొన్నాళ్లకు పంపు పోతుంది. నీళ్లులేని బోరులో మోటారుకు పట్టే గతే.

మిగతాది ఓపిక పని. పాత కూలర్ తీసేముందు కంప్యూటర్‌ను కాసేపు నడిపి వెచ్చబరిస్తే పేస్టు మెత్తబడి, ప్రాసెసర్ ఊడి చేతికి రాదు. ఏఎం4 సాకెట్లలో ఈ ప్రమాదం ఎక్కువ. పాత పేస్టును స్పిరిట్ తడిపిన గుడ్డతో పూర్తిగా తుడవాలి. కొత్త పేస్టు కందిగింజంత చాలు. బ్లాకు అడుగున ప్లాస్టిక్ పొర ఉంటే ఒలిచేయాలి, చాలామంది మరిచిపోయేది దీన్నే. స్క్రూలు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి, ఒక మూల ముందే బిగిస్తే బ్లాకు ఒరిగిపోతుంది. పంపు వైరును మదర్‌బోర్డుపై పంపు హెడర్‌కే పెట్టి ఎప్పుడూ పూర్తి వేగంలో ఉంచాలి, ఫ్యాన్ల వేగం మాత్రం వేడిని బట్టి మారనివ్వాలి. తొలిరోజు అరగంట బరువైన పని ఇచ్చి, ఉష్ణోగ్రత ఒకచోట నిలుస్తోందా, ఎక్కుతూనే పోతోందా గమనించాలి. ఎక్కుతూనే పోతుంటే పంపు తిరుగుతోందో లేదో చూడాలి. గొట్టం మీద చెయ్యి పెడితే సన్నటి కదలిక తెలుస్తుంది.

మన ప్రాంతంలో బిగించడం కంటే కష్టమైంది శుభ్రత. మిర్యాలగూడలో ఉప్పుడు బియ్యం మిల్లులు ఆసియాలోనే పెద్ద గుంపుల్లో ఒకటని పేరు. వాటి బాయిలర్లు ఊకతో మండుతాయి. గాలిలో సన్నటి బూడిద, తవుడు దుమ్ము తేలుతుంటాయి. మేళ్లచెరువు, మట్టంపల్లి వైపు సిమెంటు దుమ్ము. రేడియేటర్ రేకుల మధ్య సందు మిల్లీమీటరు పైచిలుకు మాత్రమే, అది మూసుకుపోతే 360 కూడా 120తో సమానం. క్యాబినెట్ ముందు సన్నటి జాలీ ఫిల్టర్ పెట్టి వారానికోసారి దులపాలి. రెండు మూడు నెలలకోసారి ఫ్యాన్లు విప్పి, బ్లోయర్‌తో రేకులకు ఎదురు దిక్కు నుంచి ఊదాలి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో ఆపి పట్టుకోవాలి, లేకపోతే మితిమీరి తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది. ఈ పని చేయలేనివాళ్లు నీళ్ల కిట్ కొనకపోవడమే మంచిది.

విడివిడిగా పంపు, తొట్టి, గొట్టాలు కొని సొంతంగా కట్టుకునే కస్టమ్ లూప్ గురించి రెండు మాటలు. అందంగా ఉంటుంది, గ్రాఫిక్స్ కార్డును కూడా కలుపుకోవచ్చు, ఖర్చు మామూలుగా నలభై వేలు దాటుతుంది. ఇందులో రాగి బ్లాకుకు అల్యూమినియం రేడియేటర్ జత చేయకూడదు, రెండు లోహాలూ ఒకే నీటిలో ఉంటే అల్యూమినియం తినుకుపోతుంది. డిస్టిల్డ్ వాటరే పోయాలి. బ్యాటరీ షాపులో అమ్మేవాటిలో కొన్ని లవణాలు మాత్రమే తీసిన నీళ్లు, సీసా మీద చదివి కొనాలి. నాచు పట్టకుండా, లోహం తినకుండా మందులు కలిపిన కూలెంట్ మరింత నిశ్చింత. మనవాళ్లు ప్రత్యేకంగా గమనించాల్సింది గొట్టం. మెరిసే గట్టి గొట్టాల్లో చవకది పీఈటీజీ, 60 డిగ్రీలు దాటాక మెత్తబడుతుంది. మే నెలలో నీరు ఆ హద్దు దాకా పోతుందని పైన లెక్క చూశాం. కాబట్టి ఇక్కడ యాక్రిలిక్ గానీ మెత్తటి రబ్బరు గొట్టం గానీ వాడాలి. కట్టాక మదర్‌బోర్డుకు కరెంటు ఇవ్వకుండా పంపు ఒక్కటే ఒక రోజంతా నడిపి, కీళ్ల కింద టిష్యూ కాగితం పెట్టి కారుతుందేమో చూడాలి. ఏడాదికోసారి నీళ్లు మార్చాలి.

ఇంటి కంప్యూటర్ దాటి చూస్తే, మిర్యాలగూడకు దగ్గరలో దామరచర్ల మండలం వీర్లపాలెం వద్ద యాదాద్రి థర్మల్ కేంద్రం లేచింది. 800 మెగావాట్ల యూనిట్లు ఐదు. మిర్యాలగూడ పరిసరాల్లో వేడి దింపుడు పని ఇంత పెద్ద ఎత్తున ఎప్పుడూ జరగలేదు. టర్బైన్ దాటిన ఆవిరిని కృష్ణ నీళ్లు చల్లార్చి మళ్లీ నీటిగా మారుస్తాయి. కంప్యూటర్‌ను నడిపే కరెంటు పుట్టడానికే నీళ్లు కావాలి.

కంప్యూటర్ రంగం అదే పరిమాణం వైపు నడుస్తోంది. 2022లో అమెజాన్ హైదరాబాద్‌లో తన క్లౌడ్ కేంద్రాన్ని ప్రారంభించింది. 2024లో ఎన్విడియా ప్రకటించిన జీబీ200 ఎన్‌వీఎల్72 ఒక్క బీరువా సుమారు 120 కిలోవాట్లు తీసుకుంటుంది. హాలంత ఎనియాక్ తిన్న కరెంటు దాదాపుగా ఒక్క బీరువాలోకి వచ్చేసింది. దాన్ని గాలితో చల్లబరచలేరు, ద్రవం తప్పనిసరి. అలాంటి కేంద్రాల్లో ప్రోగ్రాములు రాసేవాళ్లతో పాటు పంపులు, మానిఫోల్డులు, కూలెంట్ రసాయనం, లీక్ పరీక్షలు తెలిసిన మెకానిక్కులు కావాలి. సూర్యాపేటకు 2023లో ఐటీ హబ్ వచ్చింది, ఐటీఐల్లో డీజిల్ మెకానిక్, ఏసీ మెకానిక్ ట్రేడులు ఎప్పటినుంచో ఉన్నాయి. వాటిలో ఆరు నెలల ద్రవ శీతలీకరణ పాఠం ఒకటి చేర్చడానికి కొత్త భవనాలు అక్కర్లేదు. ఒక పాత కంప్యూటర్, ఒక పంపు, ఒక రేడియేటర్, చెప్పగలిగిన ఒక లారీ రేడియేటర్ మేస్త్రీ చాలు. ఈ మూడు పట్టణాల నుంచి ఏటా హైదరాబాద్ బస్సెక్కే పిల్లలకు అది పనికొచ్చే చదువు అవుతుంది. దాన్ని ఇప్పుడే అడగాలి, ఎందుకంటే ఆ బీరువాలు కొనే ఆర్డర్లు ఇప్పటికే వెళ్తున్నాయి.